ఏడీసీ రిజిస్టర్‌లో రాసిందే తిరిగి వస్తోంది, రీడింగ్ మాత్రం తప్పు

బిట్‌బాబు:
ఏడీఎస్1115 అనే ఏడీసీ చిప్‌ని (వోల్టేజిని అంకెగా మార్చేది) లైనక్స్ బోర్డుకి ఐ2సీ (రెండు తీగల డేటా లైను) మీద కలిపి, పైథాన్‌లో ఎస్ఎంబస్ (ఐ2సీ లాంటి పద్ధతి) లైబ్రరీతో వాడుతున్నాను. అడ్రస్ హెక్స్ (16 అంకెల పద్ధతి) 48. ఏ0 పిన్‌కి 1.5 వోల్టులు ఇచ్చాను, మిగతా పిన్నులు ఖాళీ. కాన్ఫిగ్ రిజిస్టర్‌లో (చిప్ సెట్టింగులు ఉండే చోటు) హెక్స్ సి383 రాస్తున్నాను. అంటే ఏ0కి గ్రౌండ్‌కి మధ్య, ±4.096 వోల్టుల రేంజి, సింగిల్ షాట్ (అడిగినప్పుడు ఒక్కసారే కొలవడం), సెకనుకు 128 శాంపిళ్లు. ఒక్కో కౌంటు 125 మైక్రోవోల్టులు కాబట్టి 12000 దగ్గర రావాలి. ఇక్కడేమో ఓసారి మైనస్‌లోకి పోతోంది, ఓసారి ఇరవై వేలు దాటుతోంది. కాస్త ఆగి రిజిస్టర్ తిరిగి చదివితే సి383 అనే చూపిస్తోంది. చిప్ పోయిందంటారా?

రిజిస్టర్‌రాజా:
చిప్ జోలికి వెళ్లకండి. రాయడానికి ‘రైట్ వర్డ్ డేటా’ వాడుతున్నారు కదా? ఎస్ఎంబస్ వర్డ్ పద్ధతిలో కింది బైట్ ముందు వెళ్తుంది. ఈ చిప్‌కి పై బైట్ ముందు కావాలి. మీరు పంపిన సి383 చిప్ లోపల 83సి3గా పడింది.

దాన్ని బిట్లుగా విప్పండి: 1 000 001 1 110 00011. మక్స్ (ఏ పిన్నులు కొలవాలో చెప్పే బిట్లు) 000, అంటే ఏ0కి ఏ1కి మధ్య తేడా. మీ ఏ1 గాల్లో వేలాడుతోంది! రేంజి 001, అది మాత్రం మీరడిగిందే. స్పీడు 110, అంటే 128 బదులు 475. అన్నీ చెల్లే విలువలే కాబట్టి చిప్ కిక్కురుమనదు. తిరిగి చదివేటప్పుడు అదే లైబ్రరీ బైట్లని మళ్లీ తిప్పేస్తుంది, 83సి3 కాస్తా సి383 అయిపోతుంది. రెండు తప్పులు కలిసి ఒప్పులా కనబడుతున్నాయంతే. కన్వర్షన్ (కొలత) ఫలితం కూడా తిరగబడే వస్తోంది. కింది బైట్‌లో ఉండే నాయిస్ (చిన్న ఊగిసలాట) పై బైట్ స్థానంలోకి వస్తే అంకెలు గంతులేయక ఏం చేస్తాయి?

పవర్ తీసి మళ్లీ ఇచ్చి, ఏమీ రాయకుండా కాన్ఫిగ్ చదవండి. డేటాషీట్ ప్రకారం డిఫాల్ట్ 8583. మీకు 8385 వస్తుందని నా పందెం.

బిట్‌బాబు:
అక్షరాలా 8385 వచ్చిందండీ! ఐ2సీ బ్లాక్ పద్ధతిలో రెండు బైట్లు విడివిడిగా పంపి, అలాగే చదువుతున్నాను. 12000 దగ్గర నిలబడింది. కానీ ఇప్పుడు సి383 రాసి వెంటనే చదివితే 4383 వస్తోంది. ఇంకోటి, ఏ1కి కూడా ఇన్‌పుట్ ఇచ్చి రెండు చానెళ్లు మార్చి మార్చి చదువుతుంటే అప్పుడప్పుడు పాత చానెల్ విలువే వస్తోంది. మధ్యలో 8 మిల్లీసెకన్లు ఆగుతూనే ఉన్నాను.

సర్క్యూట్_సీత:
4383 సరైనదే. అన్నిటికన్నా పై బిట్ ఓఎస్. రాసేటప్పుడు 1 అంటే ‘కన్వర్షన్ మొదలుపెట్టు’, చదివేటప్పుడు 0 అంటే ‘ఇంకా పనిలో ఉన్నా’. రాసిందీ చదివిందీ పోల్చే కోడ్‌లో ఆ ఒక్క బిట్‌ని మాస్క్ చేయాలి (పోలికలో వదిలేయాలి).

రెండోదానికీ జవాబు అందులోనే ఉంది. 128 స్పీడులో ఒక కన్వర్షన్‌కి దాదాపు 7.8 మిల్లీసెకన్లు, కానీ చిప్ లోపలి క్లాక్ 10 శాతం అటూఇటూ ఉండొచ్చు. నెమ్మదిగా నడిచే చిప్ దొరికితే 8.7 దాకా పోతుంది. స్లీప్ అంకె పెంచుకుంటూ పోయే బదులు ఓఎస్ 1 అయ్యేదాకా చదువుతూ ఉండండి.

నాయిస్_నారాయణ:
సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ±6.144 రేంజి చూసి 3.3 వోల్టుల సప్లైతో 5 వోల్టులు పెట్టేవాళ్లు ఉంటారు. రేంజి అనేది స్కేలు మాత్రమే, పిన్ మీద సప్లై కన్నా 0.3 వోల్టులకి మించి ఎక్కువ ఉండకూడదు.

   

బిట్‌బాబు:
ఓఎస్ చూసి చదువుతుంటే చానెళ్లు కలవడం లేదు. స్పీడు కోసం కంటిన్యువస్ మోడ్‌కి (ఆగకుండా కొలుస్తూ ఉండేది) మారితే ఓసారి కాన్ఫిగ్ రాసి వదిలేయొచ్చా?

రిజిస్టర్‌రాజా:
ఒకే చానెల్ అయితే రాయొచ్చు. కానీ సప్లై ఒక్క క్షణం పడిపోయి చిప్ రీసెట్ అయితే కాన్ఫిగ్ మళ్లీ 8583కి వెళ్తుంది, అంటే సింగిల్ షాట్‌లో నిద్ర. కన్వర్షన్ రిజిస్టర్‌లో సున్నా ఉంటుంది, మీ ప్రోగ్రామ్ దాన్నే నిజమైన సున్నా వోల్టులు అనుకుంటుంది. నేనైతే రీడింగులతో పాటు అప్పుడప్పుడు కాన్ఫిగ్ కూడా చదివి, మారితే మళ్లీ రాయిస్తాను. మీకున్నవి రెండు చానెళ్లు కాబట్టి సింగిల్ షాటే ఉంచుకుని స్పీడు బిట్లు 111 చేయండి, సెకనుకు 860 వస్తాయి. నాయిస్ కొంచెం పెరుగుతుంది.