టైమ్‌జోన్ మార్చాక క్రాన్ జాబ్ రోజుకి రెండుసార్లు నడస్తా ఉంది, ఎక్కడ చూడాలి?

అన్నా, మాది కావలి దగ్గర. పొద్దున 6 గంటలకి రొయ్యల రేట్లు, 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు) ఎంత 100 కౌంట్ ఎంత అని క్రాన్ (పెట్టిన టైముకి ప్రోగ్రామ్‌ని దానంతటదే నడిపేది) ద్వారా రైతులకి ఎస్ఎమ్మెస్ పోవాలి, అది చూసుకునే వాళ్ళు పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) పెట్టుకుంటారు. ఉబుంటు సర్వర్, ముందు యూటీసీలో (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ టైమ్) ఉండేది, అందుకే మెసేజ్ 11:30కి పోయేది. సరేలే అని ఏషియా/కోల్‌కతాకి (మన ఇండియా టైమ్) మార్చినా కూడా 11:30కే పోయింది, ఎందుకంటే క్రాన్ సర్వీస్ రీస్టార్ట్ చేసేదాకా పాత టైమ్‌జోనే పట్టుకోనుంటుందంట. రీస్టార్ట్ చేశాక 6కి కరెక్టుగా పోతా ఉంది.

కానీ 11:30కి మళ్ళీ ఇంకోటి పోతా ఉంది! ఆ టైముకి రేటు మారుంటే మాకు ఫోన్లే ఫోన్లు, "ఏది నిజం అబ్బయ్యా" అని.

సిస్‌లాగ్‌లో (సర్వర్‌లో జరిగినవి రాసుకునే ఫైల్) 6:00కి సీఎమ్‌డీ లైన్ (జాబ్ నడిచిందని చెప్పేది) ఒక్కటే ఉంది, 11:30కి ఏమీ లేదు. నా క్రాన్‌ట్యాబ్ (ఏ జాబ్ ఎప్పుడు నడవాలో రాసుండే ఫైల్), రూట్ క్రాన్‌ట్యాబ్, ఈటీసీలో క్రాన్.డి ఫోల్డర్ అన్నీ చూసినా, ఒకటే ఎంట్రీ. క్రాన్ ప్రాసెస్ కూడా ఒకటే నడస్తా ఉంది. ఎఫ్‌లాక్ పెట్టమన్నారు గానీ అది ఒకేసారి రెండు నడవకుండా ఆపుద్ది, ఐదున్నర గంటల తేడాకి ఏం పనికొస్తది?

పాత డెవలపర్ డాకర్ (ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే విడి డబ్బాలో పెట్టి నడిపేది) వాడినట్టున్నాడు. కంటైనర్ లోపల టైమ్ యూటీసీలోనే ఉంటది గదా, అందులోనే ఇంకో క్రాన్ ఉంటే హోస్ట్ సిస్‌లాగ్‌లో కనపడదా? లేక సిస్టమ్‌డీ టైమర్ (క్రాన్ లాగే టైముకి జాబ్ నడిపే ఇంకో పద్ధతి) ఏమన్నానా? ఇప్పుడున్న మెసేజ్‌లు ఆపకుండా ఆ రెండోది ఎక్కడినించి వస్తుందో కనుక్కునే దారి చెప్పండి ప్లీజ్.