గాలిమరల కోసం సామీల మేత భూములు తీసుకోవడం న్యాయమేనా?

ఉత్తరతీరం:
నేనుండేది నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో. ఫియోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) దాటితే ఫోసెన్ ద్వీపకల్పం. అక్కడ రోవాన్, స్టోర్‌హెయా అనే రెండు పవన విద్యుత్ కేంద్రాల్లో కలిపి 151 గాలిమరలు ఉన్నాయి. అవి నిలబెట్టిన గుట్టలు ఇక్కడి ఆదివాసులైన దక్షిణ సామీల రెయిన్‌డీర్ (మంచుజింకల) మందలకు చలికాలపు మేత భూములు. ఈ లైసెన్సులు చెల్లవని 2021 అక్టోబరు 11న నార్వే సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. అయినా మరలు తిరుగుతూనే ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో సామీ యువత ఓస్లోలోని ఇంధన శాఖ కార్యాలయంలో బైఠాయించింది, మార్చిలో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. ఆ డిసెంబరులో ఒక కాపరుల వర్గంతో, 2024 మార్చిలో రెండో వర్గంతో ఒప్పందాలు కుదిరాయి. వాతావరణ మార్పును ఆపాలంటే ఇలాంటివి తప్పవని ఇక్కడ చాలామంది అంటారు. నాకు మాత్రం మింగుడుపడటం లేదు. మీరేమంటారు?

కరెంటుమనిషి:
సామీలకు నష్టం జరగలేదని నేననను. కానీ ఆర్కిటిక్ 1979 నుంచి మిగతా ప్రపంచం కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. బొగ్గు, గ్యాసు తగలబెడుతూ పోతే ఆ మేతకే దిక్కుండదు. గాలి బాగా వీచే సముద్రతీరపు గుట్టల మీద మరలు పెట్టకపోతే ఇంకెక్కడ పెట్టాలి? ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు వద్దంటారు.

లంబసింగి:
కరెంటుమనిషి గారూ, మీరు చెప్పిన ఆ వేడి వల్లే కాపరికి మునుపటి కన్నా ఎక్కువ నేల కావాల్సి వస్తోంది. చలికాలంలో రెయిన్‌డీర్ గిట్టలతో మంచు తవ్వి కింద ఉన్న లైకెన్ (నేలను అంటుకుని పెరిగే నాచులాంటిది) తింటుంది. పొడి మంచయితే ఇబ్బంది లేదు. ఇప్పుడు నడి చలికాలంలో వానలు పడుతున్నాయి. ఆ నీళ్ళు గడ్డకట్టి నేలంతా పలకలా బిగుసుకుంటే గిట్ట దిగదు. రష్యాలోని యమాల్‌లో 2013 నవంబరులో వానపడి నేల ఇలాగే బిగుసుకుపోయాక అక్కడి ఆదివాసులైన నేనెట్స్ కాపరుల మందల్లో సుమారు 61,000 జంతువులు ఆకలితో చచ్చిపోయాయి. అలాంటి ఏడాది మందను ఇంకో చోటికి తోలుకుపోవడమే కాపరికి తెలిసిన దారి. ఇక్కడ గడ్డకడితే అక్కడికి, లోయలో గడ్డకడితే గాలి మంచును ఊడ్చేసే గుట్ట మీదికి. ఫోసెన్‌లో మరలు లేచింది ఆ గుట్టల మీదే! పునాదులు పట్టిన నేల ఎంతని లెక్కేస్తే సరిపోదు. తిరిగే రెక్కలున్న చోటికి మంద పోవడానికే జంకుతుంది.

పైరగాలి:
దాణా కొనిచ్చి దొడ్లో మేపుకోమంటే సరిపోదా? మన పశువులకి వేయమా? డబ్బు ప్రభుత్వమే ఇస్తుంది కదా.

ఉత్తరతీరం:
పైరగాలి గారూ, ఆ వాదన కోర్టు దాకా వెళ్ళింది. కంచె వేసి చలికాలమంతా మేపడం సంప్రదాయ సంచార పెంపకానికి బాగా దూరమని, దాని ఫలితమూ తేలలేదని సుప్రీంకోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఒకేచోట కుక్కి మేపితే కంటి జబ్బులు, అంటురోగాలు ముసురుతాయి. పైగా మంద వెంట తిరుగుతూనే పిల్లలు పనీ భాషా నేర్చుకుంటారు. దక్షిణ సామీ భాష మాట్లాడేవాళ్ళు కొన్ని వందల మందే మిగిలారు. దాణా డబ్బుతో అది తిరిగి రాదు.

తీర్పుపాఠకుడు:
గాలిమరలే వద్దని కోర్టు అనలేదండి. మైనారిటీలకు తమ సంస్కృతిని ఆచరించే హక్కునిచ్చే అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 27వ అధికరణానికి ఇది ఉల్లంఘన అంది. హరిత విద్యుత్తు అవసరాన్ని కూడా తూకం వేసి, ఇంతకన్నా తక్కువ హాని చేసే ప్రత్యామ్నాయాలు ఉన్నాయంది. షెడ్యూల్డ్ ప్రాంతాల భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వకూడదన్న 1997 నాటి సమత తీర్పు మనకు తెలిసిందే. కాగితం మీద గెలిచాక ఎంత పోరాడాలో ఏజెన్సీ జనానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

కరెంటుమనిషి:
సరే, కానీ ఇప్పుడు పడగొడితే ఏం మిగులుతుంది? చెదిరిన చోట లైకెన్ మళ్ళీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. ఉన్నవాటిని ఉంచి సరైన పరిహారం ఇవ్వాలి, కొత్తవి మేత నేలల్లో కట్టకూడదు. నా మాట అదే.

లంబసింగి:
‘కట్టేశాం కదా’ అన్న మాట దగ్గరే నాకు కోపం వస్తోంది. స్టోర్‌హెయా పనులు ఆపమని ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ 2018 డిసెంబరులోనే నార్వేని కోరింది. ఆపలేదు. కేసు నడుస్తుండగానే కట్టేశారు. దీన్ని ఒప్పుకుంటే రేపు ప్రతి కంపెనీ తీర్పు రాకముందే పని ముగించేస్తుంది. నార్వే కరెంటులో దాదాపు 90 శాతం నీళ్ళ నుంచే వస్తుంది, మరోవైపు చమురు, గ్యాసు అమ్ముకుంటోంది. పొగ తగ్గించే భారం మొదట కాపరి గుట్ట మీద ఎందుకు పడాలి?

ఉత్తరతీరం:
ఒప్పందం గురించి ఒక మాట. గడువు తీరాక లైసెన్సు పొడిగింపుకు ఒప్పుకోకుండా ఉండే హక్కు మొదట ఒప్పందం చేసుకున్న దక్షిణ ఫోసెన్ వర్గానికి దక్కింది. ఈలోగా వేరేచోట చలికాలపు మేత నేల చూపిస్తామని ప్రభుత్వం మాటిచ్చింది. ఆ నేలలో ఇప్పటికే మేపుకుంటున్న కాపరుల సంగతేమిటన్నది కూడా ఇక్కడ చర్చిద్దాం.