రామప్ప మండపంలో హెచ్‌డీఆర్: మూడు ఫ్రేములా, ఒక్క రా (RAW) ఫైలా?

కొత్తకెమెరా
అందరికీ నమస్తే. నాది కానన్ 1500డీ, దాంతో వచ్చిన 18-55 లెన్సు. రామప్ప గుడి మండపంలో స్తంభాలు తీస్తే బయట ఆకాశం తెల్లగా కాలిపోతోంది. ఆకాశానికి సరిచేస్తే శిల్పాలు బొగ్గయిపోతున్నాయి. హెచ్‌డీఆర్ (వేర్వేరు వెలుగుల్లో తీసిన ఫ్రేముల్ని కలిపి ఒకే ఫొటో చెయ్యడం) నేర్చుకుందామని ఉంది. ట్రైపాడ్‌కి పురావస్తు శాఖ అనుమతి కావాలట, నా దగ్గర లేదు. ఎట్లా మొదలుపెట్టాలి?

గవాక్షం
మెనూలో ఏఈబీ ఉంటుంది, ఒకే దృశ్యాన్ని మూడు రకాల వెలుగుతో తీస్తుంది. మైనస్ 2, సున్నా, ప్లస్ 2 స్టాప్‌లు పెట్టండి (ఒక స్టాప్ పెరిగితే వెలుగు రెట్టింపు, తగ్గితే సగం). ఏవీ మోడ్ (ఎపర్చర్, అంటే లెన్సు రంధ్రం, మనం పెట్టేది), ఎఫ్8. ఎపర్చర్ మారకూడదు, మారితే ఒక్కో ఫ్రేములో ఫోకస్ లోతు ఒక్కో రకంగా వస్తుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు. కంటిన్యువస్ మోడ్‌లో బటన్ నొక్కి పట్టుకుంటే మూడూ వరసగా పడతాయి. రాలో (సెన్సర్ పట్టింది పట్టినట్టు ఉంచే ఫైలు) తీసి లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో కలపండి, చెయ్యి కొంచెం కదిలినా అదే సర్దుకుంటుంది. మనుషులు అటూ ఇటూ తిరిగితే మాత్రం దయ్యాల్లా కనబడతారు, వాళ్లు వెళ్లేదాకా ఆగండి.

పాతఫిల్ము
కొత్తగా వచ్చిన పిల్లాడికి మొదటిరోజే ఇదంతా ఎందుకండీ? బాబూ, ఒక్క రా ఫైలు తియ్యి. హిస్టోగ్రామ్ (కెమెరా తెర మీది వెలుగు గ్రాఫు) కుడి అంచుకి కొట్టుకోకుండా చూసుకో. నీడలు ఇంటికెళ్లి లేపుకో. నెట్‌లో హెచ్‌డీఆర్ అని పెట్టేవి చూశావుగా, శిఖరం చుట్టూ తెల్లటి అంచు, మబ్బులేమో బూజు పట్టిన రొట్టెలా. అవా నీక్కావలసింది?

గవాక్షం
అంచు రావడం టోన్ మ్యాపింగ్ (కలిపిన వెలుగునీడల్ని తెరకి సరిపడా కుదించడం) స్లైడర్ చివరిదాకా లాగినవాడి తప్పు. మూడు ఫ్రేములు ఏం పాపం చేశాయి? ఈ తరం కానన్ సెన్సర్‌లో ఒక్క ఫైలు పట్టుకుని నీడలు మూడు నాలుగు స్టాప్‌లు లేపండి, గీతలు గీతలుగా నాయిస్ (గరుకుదనం) వస్తుంది. చెప్పడం తేలికే.

పాతఫిల్ము
లెక్క చూద్దాం. ఐఎస్‌ఓ (వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే సెట్టింగు) 100, ఎఫ్8 మీద మధ్య ఫ్రేము 1/15 సెకను అనుకోండి. ప్లస్ 2 అంటే 1/4 సెకను. చేత్తో పట్టుకుని తియ్యగలడా? లేడు. ఐఎస్‌ఓ 800కి వెళ్లాలి. అప్పుడు మధ్యది 1/125, ప్లస్ 2 ఫ్రేము 1/30. నేను చెప్పే ఒక్క ఫైలు, ఆకాశం కాలకుండా, ఐఎస్‌ఓ 100 మీద 1/60. అంటే మీ మూడు ఫ్రేముల హడావుడంతా కలిపి నీడల్లోకి అదనంగా వచ్చే వెలుగు ఒక్కటంటే ఒక్క స్టాప్! దానికోసం ఇంత తతంగమా?

గవాక్షం
వెలుగు ఒక స్టాపే, ఒప్పుకుంటా. కానీ ఈ సెన్సర్లలో ఐఎస్‌ఓ 100 దగ్గర నీడల్లో సెన్సర్ సొంత నాయిసే ఎక్కువ. 800 దగ్గర అది తగ్గుతుంది. ఆ లాభం మీ లెక్కలో లేదు.

పాతఫిల్ము
ఉన్నా ఒక్క స్టాపే కదా.

మూడోకాలు
ఆ అబ్బాయి అడిగిందేమిటి, మీరు మాట్లాడేదేమిటి. కెమెరా నేల మీద సంచిపై పెట్టి రెండు సెకన్ల టైమర్‌తో తియ్యి తమ్మీ. టైమర్‌లో కూడా మూడూ పడతాయి. ట్రైపాడ్ లొల్లి లేదు, ఐఎస్‌ఓ 100 చాలు.

గవాక్షం
నేల మీద నుంచి తీస్తే స్తంభం పైభాగం వెనక్కి వాలినట్టు వస్తుంది.

పాతఫిల్ము
అసలు నా బాధ వేరే. ఒక పోటీకి గుడి ఫొటో పంపాను, వెలుగు కోసం తెల్లవారుజాము నుంచీ కూర్చుని తీసింది. బహుమతి దేనికిచ్చారంటే, ఒక్క నీడ కూడా మిగలని హెచ్‌డీఆర్‌కి. గుడి లోపల ట్యూబ్‌లైట్లు వేసినట్టుంది. జడ్జీలు "డీటెయిల్ అద్భుతం" అన్నారు.

గవాక్షం
ఓహో, మూలం అక్కడుందా! మీకు బహుమతి రాలేదని ఈ అబ్బాయి నేర్చుకోకూడదా? నేను ఇళ్ల ఇంటీరియర్లు తీసి బతుకుతాను. కిటికీ తెల్లగా పోయిందని ఒక బిల్డరు డబ్బులు ఆపాడు. ఆ రోజు నుంచీ బ్రాకెటింగ్ (ఇలా వేర్వేరు వెలుగుల్లో ఫ్రేములు తియ్యడం) లేకుండా ఒక్క గది తియ్యలేదు. మోసం అంటారా? 1850లలోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఒకటి తీసి ఒకే ప్రింటుగా వేశాడు.

పాతఫిల్ము
మోసం అని నేనెక్కడన్నాను నాయనా? ల గ్రే ఆకాశాన్ని కాపాడుకున్నాడు, మంచిదే. నేనూ అదే కాపాడమంటున్నా. నీడల్ని వదిలెయ్యమంటున్నా. రామప్ప మండపంలోకి ఎండలోంచి అడుగుపెడితే ముందు ఏమీ కనబడదు. కాసేపు నిలబడితే నల్లరాతి స్తంభాల మీద బొమ్మలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఆ ఆలస్యం ఆ గుడిలో భాగం. మీరు దాన్ని తీసేసి అన్నీ ఒకేసారి వెలిగిస్తున్నారు. అదీ నా గొడవ. స్టాపులూ నాయిసూ ఎవడిక్కావాలి.

గవాక్షం
ఈ ముక్క మొదటే అనుంటే ఇంత రాసేవాణ్ణి కాదు. కానీ నేను ఒప్పుకోను. 1213 నాటి శాసనమున్న గుడి అది. అంత సన్నగా చెక్కింది చీకట్లో కలిసిపోడానికా? మనవాళ్లలో చాలామంది అక్కడిదాకా వెళ్లలేరు, వాళ్లకి ఫొటోయే గుడి. నాకు ప్రతి గీతా కనబడాలి. పైగా కళ్లు అలవాటు పడటం అంటే అవీ ఎక్స్‌పోజర్లు మార్చుకోవడమే కదా?

పాతఫిల్ము
మార్చుకుంటాయి, ఒకదాని తర్వాత ఒకటి. ఒకే చూపులో అన్నీ కాదు.

నీలిగడప
గుడి తూర్పుముఖం. పొద్దున్నే వెళ్తే ఎండ వాకిట్లోంచి లోపలికి వస్తుంది. ఇంత తేడా ఉండదు.

కొత్తకెమెరా
అందరికీ థ్యాంక్స్. ఆదివారం పొద్దున్నే పోతున్నా. ఒక అనుమానం. నేను మూడు ఫ్రేములు తీస్తే, అందులో మైనస్ 2 ఫ్రేమే పాతఫిల్ము సర్ చెప్పిన ఒక్క ఫైలు కదా? అప్పుడు చీకటి ఉంచాలా తీసెయ్యాలా అన్నది ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు గదా?

గవాక్షం
కరెక్ట్. అలాగే చెయ్యండి.

పాతఫిల్ము
కరెక్ట్ కాదు. ఐఎస్‌ఓ 800 మీద తీసిన మైనస్ 2 ఫ్రేము 1/500. నేను చెప్పింది ఐఎస్‌ఓ 100, 1/60. వెలుగు ఎనిమిదో వంతు. నా ఫైలు వేరుగా తియ్యి.

గవాక్షం
మళ్లీ మొదలెట్టారా.

మూడోకాలు
సంచి మీద పెట్టమన్నా గదా.