అప్‌డేట్: పెయ్యదూడలు ఒళ్లు చేస్తున్నాయి గానీ ఎత్తు పెరగట్లేదన్న విషయం

నాలుగైదు నెలల పెయ్యదూడలు బొద్దుగా ఉన్నా ఎత్తు పెరగడం లేదు, దాణాలో ప్రొటీన్ పెంచాలా అని ఇంతకుముందు అడిగాను. పెంచమన్నవాళ్లే ఎక్కువ. ముందు దాణాను ల్యాబ్‌కి పంపాను. ప్రొటీన్ 12 శాతమే! ఈ వయసులో మొత్తం మేతలో 16 శాతం దాకా ఉండాలి. మొక్కజొన్న ఎక్కువై శక్తి దండిగా అందుతోంది, కండకూ ఎముకకూ కావలసిన ప్రొటీన్ మాత్రం చాలట్లేదు. అందుకే మిగిలిన శక్తంతా కొవ్వుగా మారింది.

మొక్కజొన్న కొంత తగ్గించి సోయా చెక్క (నూనె తీశాక మిగిలే సోయా పిండి, ప్రొటీన్ ఎక్కువ) కలిపాను. యూరియా కలపమని ఒకరన్నారు గానీ డాక్టర్ వద్దన్నారు. యూరియాను ప్రొటీన్‌గా మార్చే సూక్ష్మజీవులు పొట్టలో పూర్తిగా కుదురుకోని చిన్న దూడలకు అది పనికిరాదు, పైగా ప్రమాదం.

ఇప్పుడు టేపుతో ఛాతీ కొలిచి బరువు అంచనా వేయడంతో పాటు భుజం ఎత్తు కూడా రాస్తున్నాను. ఒక్క బరువే చూస్తే కొవ్వు పెరిగినా సంబరపడిపోతాం. ఎత్తు కదిలింది, నడుం మీద కొవ్వు తగ్గింది. ప్రొటీన్ ఇంకా పెంచితే దూడలు ఇంకా పెరుగుతాయా అంటే, లేదు. ఎక్కువైన ప్రొటీన్ యూరియాగా మూత్రంలో పోతుంది, ఖర్చు దండగ. ఏడాది దాటాక 12–14 శాతానికి దింపుతాను.