‘ఎవ్వనిచే జనించు’: ఆ ‘చే’కి ‘బై’ సరిపోతుందా?

(తాళపత్రం, ఇంద్రగణం, పల్లేరు, దత్తపది: జవాబిచ్చినవారి కలంపేర్లు.)

ప్రశ్న: గజేంద్రమోక్షం పద్యానికి పిల్లలకోసం ఇంగ్లీషు అర్థం రాయాలి. మొదటి పాదం ‘ఎవ్వనిచే’యా, ‘ఎవ్వనిలో’నా? ‘చే’ అయితే ‘బై హూమ్’ అనొచ్చా? ‘బార్న్ బై’ చెవికి ఆనడం లేదు.

తాళపత్రం: ‘చే’యే. ‘లో’ అన్నా గణం చెడదు కనక ఆ పొరపాటు దొర్లుతుంది. కానీ వెంటనే ‘ఎవ్వని లోపల’ ఉంది. పుట్టుకకు చే, ఉనికికి లోపల, లయానికి అందు అని పోతన పేర్చిన వరస ‘లో’తో చెడిపోతుంది. ఇంగ్లీషులో మాత్రం ‘ఫ్రమ్’ అనండి. పాణిని సూత్రం ‘జనికర్తుః ప్రకృతిః’ (1.4.30) ప్రకారం పుట్టేదాని మూలానికి పంచమి, అంటే ‘వలన’. తైత్తిరీయోపనిషత్తు కూడా ‘యతో వా ఇమాని భూతాని జాయంతే’ (ఎవనినుంచి ఈ భూతాలు పుడుతున్నాయో) అంది. ‘యేన’ను (ఎవనిచే) ‘జీవంతి’కి (బతకడానికి) ఉంచింది.

ఇంద్రగణం: మరి పోతన పంచమి ఎందుకు వెయ్యలేదు? ఉత్పలమాల రెండో గణం రగణం, ‘చే జనిం’. ‘వలన’ పెడితే నగణం, ‘వల్ల జ’ అంటే భగణం. రూపం తృతీయ (‘చే’), అర్థం పంచమి.

పల్లేరు: గణం కోసం పోతన విభక్తి మార్చాడంటే ఒప్పుకోను. మూలం సంస్కృత భాగవతం అష్టమస్కంధం 3వ అధ్యాయంలో ఉంది: ‘యస్మిన్నిదం యతశ్చేదం యేనేదం య ఇదం స్వయమ్’ (ఇది ఎవనిలో, ఎవనినుంచి, ఎవనిచే ఉందో, ఎవడు తానే ఇదో). ‘యేన’ నేరుగా ‘ఎవ్వనిచే’ అయింది. ‘యతః’ ‘మూలకారణంబెవ్వఁ’డులోకి వెళ్లింది. ‘య ఇదం స్వయమ్’ అన్నది ‘సర్వముఁ దానయైన వాఁడు’. కనక ‘బై’యే.

దత్తపది: ఇంగ్లీషు వైపునుంచీ చూడండి. కర్మణిలో కర్తకు ‘బై’ ఒక్కటే ఎప్పుడూ లేదు. 1611 బైబిల్లో మత్తయి 4:1 ‘టెంప్టెడ్ ఆఫ్ ద డెవిల్’ అనే అంటుంది. పుట్టుక విషయంలో ‘బై’ తండ్రివైపు మాట. పందెపు గుర్రాల వంశావళిలో ‘బై’ తర్వాత తండ్రి గుర్రం పేరు, ‘అవుట్ ఆఫ్’ తర్వాత తల్లి పేరు రాస్తారు. అంటే ‘బై’లో నిమిత్తకారణమే (చేసేవాడు) వస్తుంది, ఉపాదానం (దేనితో చేశారో అది) జారిపోతుంది. పోతన దేవుడు రెండూను.

ఇంద్రగణం: అందుకే ‘చే’ అందం! కుమ్మరిచే కుండ, మట్టిచే కుండ. తృతీయ రెంటినీ మోస్తుంది.

పల్లేరు: అది వ్యాకరణం కాదు, అద్వైతం. మట్టికి వాడుకలో ‘తో’ వస్తుంది.

ఇంద్రగణం: ‘చేతన్, చేన్, తోడన్, తోన్’ అన్నీ తృతీయే కదండీ.

దత్తపది: పిల్లలకు ఇంకో సంగతి కూడా చెప్పండి. ‘బై’ కనిపించిన ప్రతిచోటా ‘చేత’ అంటున్నారు. ‘బై మండే’ అంటే సోమవారంకల్లా, ‘బై వెయిట్’ అంటే తూకం లెక్కన, ‘బై ద రివర్’ అంటే ఏటి పక్కన.

తాళపత్రం: విభక్తుల మాట వచ్చింది కనక, గజేంద్రమోక్షంలోనే మరో పద్యంలోని ‘పెంజీకటి కవ్వల’ చూడండి. మూలంలో ‘యస్తస్య పారే’, సప్తమి (‘అందు’). పోతన ‘కిన్’ పెట్టి ‘అవ్వల’ అన్నాడు. ఆ రెండు ‘వ’లు పలుకుతుంటే చీకటి దాటుతున్నట్టే ఉంటుంది.

పల్లేరు: ‘పారే’ అంటే అవతలి ఒడ్డు. ‘అవ్వల’లో ఒడ్డు ఉందా, వట్టి దూరమేనా?

ఇంద్రగణం: ఒడ్డు లేదు. ‘అలోకంబగు’ అన్నాక ఇంక ఒడ్డెక్కడిది?

ప్రశ్న: ‘బై’ అని రాసి, పక్కనే ‘ఫ్రమ్’ కూడా పెట్టనా?

తాళపత్రం: ‘ఫ్రమ్’ ముందు పెట్టండి.

పల్లేరు: ‘బై’ ముందు.