అప్‌డేట్: డ్రాబ్యాక్ అంటే లోపమే, మా కాగితంలో మాత్రం కాదు

మొన్న అడిగినా గదా, నెల్లూరులో మా అన్న పనిచేసే రొయ్యల ఎగుమతి ఆఫీసు కాగితంలో "డ్రాబ్యాక్ వచ్చింది" అని ఉంటే సరుకులో ఏం లోపముందోనని. మీరు చెప్పిన అర్థం సరైందే. మామూలు వాడుకలో డ్రాబ్యాక్ అంటే మంచిదాన్లో ఉన్న ఒక లోటు. ఇల్లు బాగుంది, బోరు నీళ్లు ఉప్పనవ్వడమే డ్రాబ్యాక్ అన్నట్టు.

అయితే కస్టమ్స్ పనులు చూసే ఒకాయన్ని అడిగితే అసలు సంగతి తేలింది. ఎగుమతి చేసిన సరుకు మీద పడిన సుంకాలు తిరిగి రావడాన్ని కూడా డ్రాబ్యాకే అంటారంట. 1962 కస్టమ్స్ చట్టంలో 74, 75 సెక్షన్లు దానికోసమే. అంటే వచ్చింది డబ్బు! వెంటనే అన్నకి ఫోన్ చేసి చెప్పినా. రెండు రోజులుగా అన్నం సరిగా తినలేదు పాపం.

విడదీసి డ్రా బ్యాక్ అని రాస్తే వెనక్కి తగ్గడం అవుతుంది, అది వేరే మాట.