కాకతీయుల చెరువుల గురించి వెతికితే కెమిస్ట్రీ పేపర్లు వస్తున్నయ్

ప్రశ్న (ఎం.ఏ. చరిత్ర, హన్మకొండ):
కాకతీయుల చెరువుల మీద డిజర్టేషన్. గూగుల్ స్కాలర్‌లో ఇంగ్లిష్‌లో ‘కాకతీయ ట్యాంక్స్ వరంగల్’ అని కొడితే ఫార్మసీ, కెమిస్ట్రీ పేపర్లే ఎక్కువ. ఏ మాటలు వాడాలె సార్?

జవాబు 1:
స్కాలర్ పేపరు మొత్తాన్ని వెతుకుతది, రచయిత చిరునామాతో సహా. ‘కాకతీయ యూనివర్సిటీ, వరంగల్’ అని ఉన్నవన్నీ అందుకే వచ్చి పడుతున్నయ్. అట్లని యూనివర్సిటీ ముందు మైనస్ పెట్టకు తమ్మీ, అక్కడి చరిత్ర విభాగం వాళ్ల పేపర్లూ పోతయ్. ‘కాకతీయ డైనాస్టీ’ని డబుల్ కోట్స్‌లో పెట్టి, పక్కన ఇరిగేషన్ చేర్చు. ఇంకా గుంపు తగ్గకుంటే ‘ఇన్‌టైటిల్’, కోలన్, ఖాళీ వదలకుండా ‘కాకతీయ’. శీర్షికలో ఆ మాట ఉన్నవే మిగులుతయ్.

జవాబు 2:
స్పెల్లింగులు కూడా చూసుకోండి. పాఖాల చెరువు పేరును ఇంగ్లిష్‌లో చివర ‘ఏ’తో కొందరు, లేకుండా కొందరు రాస్తరు. హన్మకొండ శాసనాల్లో అనుమకొండ, వరంగల్ ఓరుగల్లు. రామప్పను ఒకరు ట్యాంక్ అంటే ఇంకొకరు లేక్ అంటరు. ఈ రూపాలన్నీ బ్రాకెట్లో పెట్టి మధ్యలో ‘ఓఆర్’ రాయండి, పెద్దక్షరాల్లోనే. చిన్నక్షరాల్లో రాస్తే అది మామూలు మాట కింద పోతది.

జవాబు 3:
2015 తర్వాతి పేపర్లలో మిషన్ కాకతీయ (తెలంగాణ ప్రభుత్వం చెరువులను బాగుచేసిన పథకం) నిండిపోయి ఉంటది. అవి రాకుండా చేయాలంటే ‘మిషన్’ ముందు మైనస్ గుర్తును ఆనించి రాయాలె. పూడికతీత మీద అధ్యాయం ఉంటే మాత్రం దాన్ని విడిగా వెతుకు. శోధ్‌గంగలో (మన దేశ యూనివర్సిటీల థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్) ఒక్క మంచి థీసిస్ దొరికినా దాని గ్రంథసూచిలోని శీర్షికల నుంచే కొత్త కీవర్డ్‌లు ఏరుకోవచ్చు.